కుక్క తోక పట్టుకుని కాశీకి

కుక్కని కారెక్కించుకుని తిరుపతి నుంచి కాశీకి ఎట్లా పోవాలో చెప్పమని ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. అడిగినాక చెబితే అది జవాబు అవుతుంది గానీ సలహా ఎట్లా అవుతుంది? ఆర్టీసీలో ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టిన మనిషిని. పల్లెవెలుగు బస్సులో కోళ్లగంపల్నీ, మేకపిల్లల్నీ, ఒకసారి సంతకు పోతున్న సీమకోడినీ కూడా క్షేమంగా దించినవాణ్ణి. జంతువుల ప్రయాణం గురించి నాకు తెలిసినంత మా బైరాగిపట్టెడలో ఇంకెవరికీ తెలియదు. మా ఇంటామె లెక్క వేరేగా ఉంటుంది. ఆమె మాటలు అక్కడక్కడా అడ్డం పడతాయి, పట్టించుకోకండి.

మా కుక్క పేరు మాణిక్యం. లాబ్రడార్ జాతి, ముప్పై రెండు కిలోలు. 'బాషా'లో ఆటో తోలే రజనీకాంత్ పేరని మావాడు పెట్టాడు. ఆ రజనీకాంత్ లాగే ఇదీ ఎవరేమన్నా నోరెత్తదు. నోరెత్తకపోవడం వల్లనే ఈ ప్రయాణం అంత దూరమన్నా జరిగింది.

కాశీయే ఎందుకంటే, ఆ క్షేత్రానికి కాపలాదారు కాలభైరవుడు, ఆయన వాహనం కుక్క. మన మాణిక్యాన్ని ఆయన గుడి ముందర నిలబెట్టి ఒక ఫొటో తీస్తే జన్మ తరిస్తుందని నేనన్నాను. "ఎవరి జన్మ?" అని మా ఇంటామె అడిగింది. దారి సుమారు 1,800 కిలోమీటర్లు: పీలేరు, రాయచోటి, కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూర్, జబల్పూర్, రీవా, కాశీ. చంద్రగిరిలో ఉండే మా బామ్మర్ది, "అంత దూరం దాన్ని యాడ తిప్పుతావు బావా, మా ఇంటికాడ వదిలిపో, దూడలతో పాటు పడుంటాది" అన్నాడు. కుక్కకి అలవాటైన చోటు, అలవాటైన మనిషి, చెట్టు నీడ. ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకోటి లేదు కనుక వెంటనే కాదనండి. 2022లో యుద్ధం వచ్చినప్పుడు మన తణుకు డాక్టరు ఒకాయన పెంచుకున్న జాగ్వార్‌నీ, నల్ల చిరుతనీ వదిలి రానని ఉక్రెయిన్‌లోనే ఉండిపోలేదా అని నేను గట్టిగా అడిగాను. "ఆయన వాటిని ఇంట్లో పెట్టుకుని కూర్చున్నాడు బావా, టూరు తిప్పలేదు" అన్నాడు వాడు. చుట్టాలతో వాదం పెట్టుకుంటే ఇట్లాగే ఉంటుంది.

నెల ఎంచుకోవడం ముఖ్యం. మే నెలే మంచిది. మావాడికి బెంగళూరు ఆఫీసులో లీవు దొరికేది అప్పుడే. కత్తిరి ఎండల్లో తిరుపతిలో నలభై రెండు డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు గానీ కుక్కల సంగతి పెద్దలెవరూ చెప్పలేదు కదా. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకి చెమట పట్టేది అరికాళ్లలోనే, అది ఏ మూలకీ చాలదు. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే నాలుక బయటపెట్టి రొప్పాల్సిందే. మామూలుగా దాని ఒంటి వేడి 38, 39 డిగ్రీలుంటుంది. 41 దాటిందంటే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలు. పగ్ లాంటి చట్టిముక్కు జాతులకు ఆ రొప్పడం కూడా సరిగ్గా చేతకాదు. ఇవన్నీ నాకు రాయచోటి దాటినాక తెలిసినవి. బయల్దేరకముందే తెలుసుకుంటే ప్రయాణం డిసెంబరుకి వాయిదా పడుతుంది, కాబట్టి తెలుసుకోకండి.

పశువుల డాక్టరు దగ్గరికి అసలే పోవద్దు. మా ఊళ్లో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, 2005లో శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. ఇంత దగ్గర్లో ఉన్నది ఎక్కడికి పోతుంది, వచ్చినాక చూపించుకోవచ్చు. ముందే పోతే వాళ్లు రేబిస్ టీకా పుస్తకం అడుగుతారు, ప్రయాణానికి తగునని సర్టిఫికెట్ తీసుకోమంటారు, పిడుదులు పట్టకుండా మందు రాస్తారు, వాంతి కాకుండా బరువుని బట్టి మాత్ర ఇస్తారు, తప్పిపోతే దొరకడానికి మెడపట్టీకి ఫోన్ నంబరు బిళ్ల కట్టమంటారు. ఇంత జాబితా వింటే మనిషికే నీరసం వస్తుంది. దానికంటే వీధి చివర మందుల షాపతణ్ణి అడగండి. మనుషులు మింగే నిద్రమాత్ర సగం విరిచి వేయమన్నాడు నాకు. మత్తులో ఉన్న కుక్క ఒళ్లు తూలకుండా ఆపుకోలేదని, వేడి తట్టుకోలేదని, సరిగ్గా ఊపిరి ఆడుతున్నదీ లేనిదీ కూడా మనకి తెలియదని మా ఇంటామె ఎక్కడో చదివిందట, మాత్ర తీసి చెత్తబుట్టలో వేసింది. మా పక్కింటివాళ్లు ఇట్లాగే పిల్లికి ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ వేశారు. పిల్లి జాతికి అది విషం. ఇప్పుడు వాళ్లింట్లో ఎలకలున్నాయి, పిల్లి లేదు.

ఏ మంచి పనైనా స్వామి దర్శనంతో మొదలుపెట్టాలి కనుక తెల్లవారుజామునే కుక్కతో సహా అలిపిరికి పొండి. తనిఖీ దగ్గర కుర్రాడు వెనక సీట్లోకి తొంగి చూసి, "కుక్కల్ని కొండమీదికి పంపరు సామీ" అన్నాడు. ఇది ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన సంగతే. అయినా మన కుక్కని చూస్తే మారుస్తారేమోనని ఆశ. నడకదారిన పోనిస్తారా అని అడగబోయి ఆగాను. అది శేషాచలం అడవి. 2023 ఆగస్టులో ఆ మెట్లదారిలోనే ఆరేళ్ల బిడ్డ చిరుత నోటపడి చనిపోయింది. ఆ తర్వాత చాలారోజులు భక్తులకి చేతికర్రలిచ్చి గుంపులు గుంపులుగా పంపారు. ఈ ఒక్క ముక్క దగ్గర నేను పరాచికాలాడను. చిరుతకి కుక్కంటే చేతికందిన తిండి. అడవి పక్కన, తలకోన దారిలో గానీ హార్స్‌లీ కొండ మీద గానీ, కుక్కని గొలుసు విప్పి వదలకండి.

దేవుడికి జంతువులంటే పడదా అంటే అదీ కాదు. ఇటు పక్క శ్రీకాళహస్తి ఊరి పేరే సాలెపురుగు, పాము, ఏనుగు. ముగ్గురికీ మోక్షమిచ్చి, పేరులో కలుపుకున్నారు. తిన్నడు వేటగాడు, ఆయన వెంట కుక్కలు ఉండే ఉంటాయి. వాటిని కూడా బయటే నిలబెట్టినట్టున్నారు.

ఇక కూర్చోబెట్టడం. ముందు సీట్లో, మీ ఒళ్లో కూర్చోబెట్టుకోండి. కిటికీ అద్దం పూర్తిగా దించి తల బయటికి పెట్టనివ్వండి, సినిమాల్లో అట్లాగే ఉంటుంది. దుమ్ము, కంకర రవ్వ, ముందు లారీలోంచి ఎగిరొచ్చే చెరుకు పిప్పి, అన్నీ దాని కళ్లలోకే పోతాయి. మీ కళ్లజోడు మీకుంటుంది. వెనక సీట్లో ఛాతీకి వేసే పట్టీ, దాన్ని సీటుబెల్టుకి తగిలించే కొక్కెం, లేదా గట్టి బోను, ఇవన్నీ డబ్బు దండగ. యాభై స్పీడులో పోయే కారు దేన్నైనా గుద్ది టక్కున ఆగితే, లోపల కట్టని కుక్క ఆగదు, అదే స్పీడుతో ముందుకొస్తుంది. ఆ క్షణంలో ముప్పై కిలోల కుక్క తన బరువుకి పదిరెట్లు మించిన దెబ్బతో మనమీద పడుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకున్నారంటే ఎయిర్‌బ్యాగుకీ మీకూ నడుమ అదొక మెత్త. మెత్త సంగతి మెత్తకి కదా తెలిసేది.

తిండి. ఖాళీ కడుపుతో ప్రయాణం చేయించడం పాపం. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఎముకలతో సహా, గిన్నె నిండా, కారు స్టార్ట్ చేసే ముందు పెట్టండి. పులుసులోని ఎర్రగడ్డలూ తెల్లగడ్డలూ కుక్క రక్తాన్ని విరిచేస్తాయని, ఉడికిన కోడి ఎముక చీలి సూదిలా గుచ్చుకుంటుందని మా అన్న కూతురు చెప్పింది. అది ఇంటర్ చదువుతోంది, దానికేం తెలుసు. బయల్దేరే మూడు నాలుగు గంటల ముందు కొంచెం పెట్టి ఆపేయాలని కూడా అన్నది.

భాకరాపేట ఘాట్ మొదలయ్యేదాకా మాణిక్యం బుద్ధిగా కూర్చుంది. రెండో మలుపులో పెదాలు నాక్కోవడం మొదలుపెట్టింది. పులుసు రుచి ఇంకా పోలేదనుకున్నా. మూడో మలుపులో ఒకటే ఆవలింతలు. రాత్రి నిద్రలేదు పాపం అనుకున్నా. తర్వాత దాని నోట్లోంచి చొంగ తీగలాగా సాగి నా పంచె మీదికి దిగింది. కడుపు తిప్పే కుక్క చేసేవి ఇవేనట. కారు ఆపమని అది చెప్పాల్సిన పద్ధతిలో మూడుసార్లు చెప్పింది. ముప్పై ఏళ్లు ఈలకీ గంటకీ బస్సాపిన నాకు ఆ భాష రాలేదు. నాలుగో మలుపులో సంగటి, పులుసు, అన్నీ నా ఒళ్లో ఉన్న తోలుసంచీలోకి చేరాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ చంకలో వేలాడిన సంచీ అది. అందులో ప్రయాణం డబ్బులున్నాయి. ఆ నోట్లు కడిగి ఘాట్ రోడ్డు గోడ మీద ఎండబెట్టి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టి, అందరం తలో మూలా నిలబడ్డాం. పోయే బస్సులన్నీ మెల్లగా పోయాయి.

సామాను సర్దేటప్పుడు నీళ్ల క్యాను అన్నిటికంటే అడుగున పెట్టండి. కింద బరువుంటే బండి నిలకడగా ఉంటుంది. పైన పరుపులు, వంటసామాను, చుట్టాలకి ఇవ్వాల్సిన ఊరగాయ జాడీలు. ఘాట్ దాటినాక చెక్‌పోస్టు. ఎర్రచందనం దుంగల కోసం మా జిల్లాల్లో డిక్కీ తెరిపించడం కొత్తేమీ కాదు. కానిస్టేబులు ఒక్కొక్కటే దించమన్నాడు. అన్నీ దించితే అడుగున దొరికిన ఒకేఒక్క దుంగ మా నీళ్ల క్యాను. మూత తీయగానే మాణిక్యం తల క్యానులోకి పోయింది. "ఎప్పుడు తాపించినారు సామీ దీనికి?" అన్నాడు అతను. తాపిస్తే మాటిమాటికీ ఒంటేలుకి ఆపమంటుందని నేను చెప్పాను. అతను నావైపు చూసిన చూపు, టికెట్టు లేనివాళ్లని నేను చూసే చూపు. జంతువుల రవాణాకి 1978లో కేంద్రం రాసిన నిబంధనలున్నాయి. ఎండాకాలం నాలుగు గంటలకొకసారి, చలికాలం ఆరు గంటలకొకసారి కుక్కకీ పిల్లికీ నీళ్లు పెట్టాలని అందులో ఉంది. అవి పార్సిల్లాగా పంపే జంతువుల కోసం రాసినవి. పార్సిల్‌కి చేసే మర్యాద ఇంట్లో మనిషికి ఎందుకు?

పీలేరులో మా వదినె ఇల్లు. చిలకని కూడా కాశీకి తీసుకుపొమ్మన్నది ఆమె. మీరూ తీసుకుపొండి. పంజరంలో రామచిలక ఉంటే చెక్‌పోస్టుకి చెక్‌పోస్టుకి పరిచయాలు పెరుగుతాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన రామచిలకని పెంచుకోవడమే నేరం. మదనపల్లె పక్క పొలాల్లో దొరికే నక్షత్రం తాబేలూ అంతే, లక్ష్మి వస్తుందని తొట్టిలో పెట్టుకున్నా సరే.

వదినె వాళ్ల పెరట్లోనే అసలు పని జరిగింది. దామలచెరువు నుంచి వాళ్ల తమ్ముడు గంప బేనీషా కాయలు పంపించాడు. చిత్తూరు జిల్లాలో కుక్క మామిడిపండు తినదంటే నమ్మేవాళ్లు లేరు. చీకిన టెంకని గాల్లోకి విసరడం, అది ఎగిరి పట్టడం, పిల్లలు చప్పట్లు. నాలుగు టెంకలు విసిరాం. తర్వాత పెరట్లో మూడే ఉన్నాయి. నేను కండక్టర్ని, నాకు లెక్క తప్పదు. నాలుగోది కంచె అవతల పడుంటుందిలే అనుకున్నాను. ఈ టెంకని గుర్తుపెట్టుకోండి.

రాయచోటి చేరేసరికి ఒంటిగంట. భోజనానికి ఆగాం. కుక్కని కారులోనే ఉంచండి. చింతచెట్టు నీడన పెట్టి, అద్దాలు రెండు వేళ్ల సందు దించి, "ఇప్పుడే వస్తాం" అని చెప్పండి. దానికి తెలుగు అర్థమవుతుంది. పది నిమిషాల్లో వస్తామని లోపలికి పోయిన మాకు, విస్తరి వేయడానికే పది నిమిషాలు పట్టింది. తర్వాత రసం వచ్చింది. తర్వాత ఇంకొకసారి రసం.

చింతచెట్టు నీడ కదులుతుంది. అది మనం అడ్వాన్సు ఇచ్చి బుక్ చేసుకున్న నీడ కాదు. బయట నలభై ఉన్న రోజు మూసిన కారులో పది నిమిషాలకే యాభై దాటుతుంది. 2005లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కార్లు ఎండలో పెట్టి కొలిచారు. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీలు పెరిగింది, అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. అద్దాలు కొంచెం దించి పెట్టినా దించకున్నా పెద్ద తేడా ఏమీ లేదు. ఆ రెండు వేళ్ల సందు మన మనసు ఊపిరాడటానికి తప్ప కుక్కకి పనికిరాదు.

పెరుగన్నంలో ఉన్నప్పుడు బయట అరుపు వినిపించింది. రోడ్డు పక్క టీ అంగడి పెద్దామె, చేతిలో టీ వడగట్టే గుడ్డ ఇంకా అట్లాగే ఉంది, కారు అద్దం మీద అరచేత్తో కొడుతోంది. "ఎవుర్దిరా ఈ కారు? కుక్కని ఉడకబెడతా ఉండారా నాయినా?" తలుపు తీయగానే కుండ మూత తీసినట్టు మొహానికి కొట్టింది వేడి. మాణిక్యం సీటుకి సీటుకి నడుమ కింద పడుంది. నాలుక వెడల్పుగా సాగి, ఊదారంగుకి తిరిగింది. చిగుళ్లు కుంకుమ పూసినట్టు ఎర్రగా ఉన్నాయి. లేవబోయి వెనక కాళ్లు తడబడి మళ్లీ కూలబడింది. నన్ను చూసి తోక మాత్రం ఒకసారి ఆడించింది. ఆ తోక ఆడించడం నాకు ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తుంది.

నేను ఐసు కోసం పరుగెత్తబోయాను. తడి తువ్వాలు తెచ్చి కప్పబోయాడు మావాడు. పెద్దామె ఇద్దర్నీ తోసేసి దాన్ని అరుగు నీడలోకి లాగించింది. పాత్రలు కడిగే తొట్టిలో నీళ్లు చెంబుతో ముంచి పొట్ట కింద, తొడల సందున, మెడ మీద పోస్తూనే ఉంది. "కప్పొద్దు, ఆవిరి యాడికి పోతాది? ఇసురు, ఇసురు" అని మా ఇంటామె చేతిలో అట్టముక్క పెట్టింది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయనివ్వలేదు. రొప్పు కొంచెం తగ్గినాక తనే తాగింది, నాలుగు గుక్కలు. అప్పుడు ఊళ్లో పశువుల ఆస్పత్రికి తీసుకుపోయాం. చేయాల్సిన పని ముందే చేసినారు, చల్లార్చకుండా తెచ్చుంటే దారిలోనే పోయేదని అక్కడ డాక్టరమ్మ చెప్పింది. ఆ చేసినవాళ్లు నేను కాదని నేను చెప్పలేదు. టీ అంగడి పెద్దామె డబ్బు తీసుకోలేదు. టీ తాగి పొమ్మన్నది. తాగాం.

అక్కణ్ణుంచి దించి నడిపించేటప్పుడు కూడా తారురోడ్డు మీదే నడిపించండి. కొండమీద మాడవీధుల్లో భక్తుల కాళ్లు కాలకుండా తెల్ల చలువ పెయింటు వేస్తారు, పట్టాలు పరుస్తారు, నీళ్లు చల్లుతారు. హైవే మీద మాణిక్యానికి అవేవీ లేవు, నాలుగు కాళ్లున్నాయి. మీ అరచేయి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడమంటారు. ఆనించకండి, కాలుతుంది.

గువ్వలచెరువు దగ్గర ఆగి పాలకోవా కొనకుండా ఏ తెలుగువాడు కడప చేరాడు? నీరసపడిన కుక్కకి బలమని పావుకిలో పెట్టాను. పెద్ద కుక్కలకి పాలు సరిగా అరగవు, చక్కెర, కొవ్వు అసలే అరగవు. ఈ సమాచారం నాకు రాత్రి రెండు గంటలకి, కడప లాడ్జిలో, దుప్పటి మీద అందింది.

లాడ్జికి ముందుగా ఫోను చేసి కుక్కని రానిస్తారా అని అడగకండి, కాదంటారు. దుప్పట్లో చుట్టి, మనవడికి జ్వరమని చెప్పి మెట్లెక్కించండి. ముప్పై రెండు కిలోల మనవడు. తోక బయటికి వేలాడింది. పొద్దున మేనేజరు గది చూసి నిలబడిపోయాడు. నేను తగ్గలేదు. కుక్కని దించమంటే ధర్మరాజు స్వర్గమే వద్దన్నాడు, తెలుసా అన్నాను. "ఆయన పరుపుల మీద పడుకోబెట్టినాడా సామీ?" అన్నాడతను. రెండు పరుపులకి డబ్బు కట్టాం.

తిండి విషయంలో ఇంకొకటి మిగిలింది, ఇది మన ఊరివాళ్లు తప్పకుండా చేసేది. వెంట పులిహోర, లడ్డు ఉంటాయి. ప్రసాదం కదా, కళ్లకద్దుకుని కుక్కకీ ఒక ముక్క పెట్టండి. తిరుపతి లడ్డుకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. శనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు, ఏలకులు, కలకండ, వీటన్నిటి నడుమ నల్లగా నిగనిగలాడే ఎండుద్రాక్ష. ఆ ద్రాక్షే కుక్కకి యముడు. పచ్చిదైనా ఎండుదైనా మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేరు. కారణం ఏమిటని చాలాకాలం వెతికారు. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లం మీద అనుమానమని 2022లో అమెరికా పశువైద్యులు రాశారు. ఆ అనుమానం బలపడింది దేనివల్లో చూడండి: చింతపండు తిన్న కుక్కలకీ అదే గతి పట్టడం వల్ల. అంటే పులిహోర, పప్పుచారు, మన ఊరి సగం వంట. స్వామి ప్రసాదాన్ని కాదంటే పాపమేమోనని నేను లడ్డు విరిచాను. మా ఇంటామె నా చేతిలోది లాక్కుని తన నోట్లో వేసుకుంది. "పాపం నాకు రానీ" అన్నది, నములుతూ.

రెండో రోజు నంద్యాల దాకా మాణిక్యం ఏమీ తినలేదు. నీళ్లు తాగితే కక్కేసింది. ముందు పాలకోవా అన్నాం, తర్వాత ఎండదెబ్బ అన్నాం. పొట్ట ముట్టుకుంటే మూలిగింది. కర్నూలులో పశువైద్యుడు ఫిలిం తీసి వెలుతురుకెత్తి పట్టుకుని, "మామిడికాయలు తినిపించినారా?" అని అడిగాడు. పీలేరు పెరట్లో లెక్క తప్పిన నాలుగో టెంక పేగులో అడ్డంగా కూర్చుని ఉంది. టెంక అరగదు, ముందుకు పోదు, ఇంకో రోజు ఆగితే పేగు కుళ్లేదట. ఆ సాయంత్రమే కోసి తీశారు. స్టీలు గిన్నెలో వేసి చూపించారు. బేనీషా అని చూడగానే గుర్తుపట్టాను.

కాబట్టి నాగపూర్ ఎట్లా ఉంటుందో, ఆ పైన పెంచ్ అడవి దగ్గర హైవేని పైకెత్తి కింద పులులకీ జింకలకీ దారి వదిలారంటారే, అది ఎట్లా ఉంటుందో నన్ను అడగకండి. జంతువు కోసం రోడ్డునే ఎత్తి కట్టిన చోటిదాకా మేము పోలేదు. పైన చెప్పిన అనుభవమంతా కర్నూలు లోపలే, సుమారు 370 కిలోమీటర్లలో సంపాదించింది. కాశీకి పోయి కుక్కబొచ్చు తెచ్చినట్టు అని సామెత చెబుతారు. నేను కాశీకి పోకుండానే కారు నిండా తెచ్చాను. తిరుగు ప్రయాణం రాత్రిపూట, చల్లగా, వెనక సీట్లో పట్టీ కట్టి, రెండు గంటలకొకసారి ఆగి నీళ్లు తాపుతూ చేశాం. డ్రైవింగు మావాడు, పెత్తనం మా ఇంటామె. ఆ భాగంలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు, అందుకే దాని మీద సలహా ఏమీ లేదు.

మాణిక్యం ఇప్పుడు బాగానే ఉంది. పొట్ట కింద జానెడు పొడుగున వెంట్రుకలు కొంచెం పల్చగా మొలిచాయి. వచ్చే మేకి నా దగ్గర ఇంకో ఆలోచన ఉంది. పుంగనూరు ఆవు మన చిత్తూరు జిల్లాది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంట్లో మేత మేసినాక దాని దశ తిరిగింది. మూడడుగుల ఎత్తు, కుక్కలాగా ఇంట్లోనే తిరుగుతుంది. పలమనేరులో పశు పరిశోధన కేంద్రం వాళ్లు దశాబ్దాలుగా ఆ జాతిని కాపాడుతున్నారు. ఒక దూడని సంపాదించి రామేశ్వరం తీసుకుపోతే ఎట్లా ఉంటుందని నిన్న టేపు తీసుకుని కారు వెనక తలుపు కొలిచాను. వెడల్పు సరిపోతుంది. ఎత్తు రెండంగుళాలు తక్కువ వచ్చింది.

లేచి చూస్తే మాణిక్యం గేటు దగ్గర కూర్చుని ఉంది, వీపు కారు వైపు పెట్టి. కారు తాళం ఎక్కడుందని అడిగితే, చంద్రగిరిలో తమ్ముడి దగ్గర ఉందని మా ఇంటామె చెప్పింది.